తిండి తినని పిల్ల ఒక్కపొద్దులు

మా పాప అన్నం తినదు. ఈ మాట అనగానే అందరూ నవ్వి, ‘ఏ పిల్లలు తింటారమ్మా’ అంటారు. నేను చెప్పేది ఆ తినకపోవడం కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని, బుగ్గన దాచుకుని, అది అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయి బొమ్మలు గీసుకునే పిల్ల మాది. ఇడ్లీ తుంచి పెడితే ఆ తునక ఎండి గట్టిపడేదాకా దానికేసి చూస్తూ కూర్చుంటుంది. ఐదేళ్లు నిండాయి. పోయినేటి పుట్టినరోజు గౌను ఇప్పటికీ సరిపోతోంది. ‘భలే కలిసొచ్చిందే గౌను’ అంటుంది పక్కింటావిడ. బీరువాలో ఆ గౌను కంటపడినప్పుడల్లా నా గుండెల్లో రాయి పడుతుంది.

తెనాలిలో మేం చూపించే పిల్లల డాక్టరుగారిది ప్రతిసారీ ఒకటే మాట. ‘‘పాప చురుగ్గా ఉందమ్మా. సన్నగా ఉండే రకం, అంతే. మీరే కొంచెం వెంటపడటం తగ్గించండి.’’ ఆయన ఎదురుగా కూర్చున్నంతసేపూ నమ్ముతాను. చెప్పులేసుకుని మెట్లు దిగేసరికి ఆ నమ్మకం పోతుంది. ఇంటికొచ్చి మళ్లీ కంచం పట్టుకుని దాని వెనక తిరుగుతాను.

ఇలాంటి పిల్లకి ఉపవాసం అనేది ఒకటుంటుందని తెలిసిపోయింది. ఈ ఏడాది శివరాత్రి వెళ్లిన వారంలోనే అటు రంజాన్ నెలా ఇటు ఈస్టరు ముందొచ్చే శ్రమకాలమూ మొదలయ్యాయి. మా ఇంటికి మూడూ కావలసినవే.

నేను పుట్టింది బాపట్లలో, లూథరన్ కుటుంబంలో. అమ్మ టీచరుగా చేసి రిటైరయింది. మా ఆయన వాళ్లది రేపల్లె అవతల నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెటూరు. వరి, ఆ తర్వాత మినుము, గొడ్డూగోదా ఉన్న ఇల్లు. ఇద్దరం వడ్లమూడిలో చదువుకుంటున్నప్పుడు కలిశాం. పెళ్లినాడు జరగాల్సిన గొడవలన్నీ జరిగాయి, అయిపోయాయి. ఇప్పుడు మా అత్తగారికీ మా అమ్మకీ మిగిలిన తగాదా ఒక్కటే, పాపకి వచ్చింది ఎవరి ముక్కు అని. మేం తెనాలిలో అద్దెకుంటున్నాం. కింద ఇంటి ఓనరుగారు, అంటే ఒక పెద్దావిడ, కొడుకూ కోడలితో ఉంటారు. ఆవిడ మనవలు ఆవిణ్ణి దాదీ అంటారు కాబట్టి మా పాపకీ దాదీయే. అలా దానికి ముగ్గురు ముసలమ్మలు. ముగ్గురికీ అది ప్రాణం.

శివరాత్రికి ఊరెళ్లాం. అత్తగారు పొద్దున్నే తలస్నానం చేసి, మర్నాడు గుళ్లో దణ్ణం పెట్టుకుని వచ్చేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోరు. ఆ రోజు ఆవిడ అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతుంటే పాప వెళ్లి పక్కన కూర్చుంది.

‘‘నానమ్మా, నీకు ఆకలెయ్యట్లేదా?’’

‘‘వేస్తంది. ఎందుకెయ్యదు?’’

‘‘మరి తినొచ్చుగా?’’

‘‘ఇయ్యాళ శివుడి కోసం ఆపుకోవాలే.’’

‘‘తినకపోతే శివుడు తిట్టడా?’’

‘‘తిట్టడమేంటి, మెచ్చుకుంటాడు!’’

నేను వంటింటి గుమ్మంలో నిలబడి పాప మొహం చూశాను. తినకపోతే మెచ్చుకునేవాళ్లు కూడా ఒకరున్నారని బుద్ధెరిగాక దానికి మొదటిసారి తెలిసింది.

రాత్రంతా ఎందుకు మేలుకోవాలో కూడా ఆవిడే చెప్పారు. లోకం కోసం శివుడు విషం మింగాడు, గొంతు మండిపోయింది, ఆయనకేమవుతుందోనని దేవతలంతా నిద్రపోకుండా కాపలా కాశారు, అందుకే మనమూ మేలుకుంటామని. పాప అదేమంత గొప్ప విషయం కాదన్నట్టు, ‘‘మా అమ్మ కూడా అంతే. నాకు జొరమొస్తే పడుకోదు’’ అంది. అత్తగారు చాట కింద పెట్టి నా వైపు చూసి నవ్వారు.

మధ్యాహ్నం కంచం తెచ్చేసరికి పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. ‘‘నేను ఒక్కపొద్దు.’’

అత్తగారు వీధంతా వినిపించేలా పిలిచి మరీ చెప్పారు, మా మనవరాలు ఒక్కపొద్దంటండీ అని. నేను మొహం మాడ్చుకున్నాను. ఆవిడ కనిపెట్టి, ‘‘కంగారుపడకు అమ్మాయ్. పిల్లలకి అన్నం ఒక్కటే పనికిరాదు. పాలు తాగొచ్చు, పండు తినొచ్చు, చిలగడదుంప తినొచ్చు’’ అన్నారు. పాప గ్లాసుడు పాలు తాగింది. అరటిపండు తింది. ఉడకబెట్టిన చిలగడదుంపలు తొక్క తీసుకుని తనే తింది. నాకు సంతోషమేసింది, దాని వెంటే ఒళ్లు మండింది. మామూలు రోజున అదే పాలగ్లాసు పట్టుకుని నేను మెట్లెక్కి మెట్లు దిగుతాను.

తెనాలి తిరిగొచ్చేసరికి కింద రంజాన్ మొదలైంది. సాయంత్రం మసీదులో బాంగు వినపడే వేళకి పాప అక్కడే. గచ్చు మీద పొడుగ్గా గుడ్డ పరిచి, ఖర్జూరాలూ పుచ్చకాయ ముక్కలూ పకోడీలూ గంజీ మధ్యలో పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చుంటారు. పిలుపు వినపడేదాకా ఎవరూ చెయ్యి పెట్టరు. పాప వాళ్ల మధ్యన కూర్చుని దాదీని ప్రశ్నలతో చంపేది.

‘‘నీళ్లు కూడా తాగకూడదా?’’

‘‘తాగకూడదు.’’

‘‘మర్చిపోయి తాగేస్తే?’’

‘‘నిజంగా మర్చిపోతే రోజా పోదురా. అల్లాయే తాగించాడనుకోవాలి.’’

‘‘మర్చిపోయి బిర్యానీ మొత్తం తినేస్తే?’’

‘‘అంత మతిమరుపుంటే ముందు డాక్టరు దగ్గరికెళ్లాలి’’ అన్నారు దాదీ. వాళ్ల కోడలు నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది.

రోజా అంటే నోరు కట్టుకోవడం ఒక్కటే కాదని, ఆ నెలంతా కోపం తెచ్చుకోకూడదు, ఒకరి గురించి చెడుగా చెప్పకూడదు, లేనివాళ్ల ఆకలి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఆవిడ చెప్పేవారు. జబ్బుపడ్డవాళ్లకీ, ప్రయాణంలో ఉన్నవాళ్లకీ, పాలిచ్చే తల్లులకీ, పిల్లలకీ లేదని కూడా చెప్పారు. పాపకి నచ్చింది మాత్రం వేరే ముక్క. చిన్నపిల్లలు సరదా పడితే ‘చిడియా రోజా’ పెట్టిస్తారట. పిట్ట ఒక్కపొద్దు. మధ్యాహ్నందాకా ఉండి తినేయడమే. ‘‘నేనుంటా, నేనుంటా’’ అని నా కొంగు పట్టుకుని వేలాడింది. ‘‘ముందు పిట్టంతైనా తిను, తర్వాత చూద్దాం’’ అన్నాను.

ఆ వారాంతంలో అమ్మని చూద్దామని రైలెక్కి బాపట్ల వెళ్లాం. శ్రమకాలం నలభై రోజులూ అమ్మ మాంసం ముట్టదు, శుక్రవారాలు సాయంత్రందాకా ఏమీ తినదు. మామూలుగా మనవరాలొస్తే కోడికూర లేకుండా ఉండని మనిషి, పప్పుచారూ బంగాళాదుంప వేపుడూ చేసింది. కోడికూర ఏదని పాప అడిగింది. అమ్మ ఎంతైనా టీచరు కదా, అడిగితే పాఠం చెప్పకుండా వదలదు. యేసుప్రభువు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసం ఉండటం, ఆయన పడ్డ శ్రమలూ సిలువా అన్నీ చెప్పింది. ఉపవాసంతో దేవుడి ప్రేమ కొనుక్కోలేమని, ఆయన ముందే ప్రేమించాడని, మనం ఉండేది ఆ సంగతి గుర్తుంచుకోవడానికేనని చెప్పింది. నాకు చిన్నప్పటినుంచీ వింటున్న మాటలు కాబట్టి వంటింట్లో కందిపొడి డబ్బాలో పోసుకుంటూ ఊరుకున్నాను.

‘‘మా నానమ్మ కూడా ఉంటది. అందరికీ చెప్పింది’’ అంది పాప.

‘‘మీ నానమ్మ చాటింపు వెయ్యందే ఏం చేసింది గనక!’’ అంది అమ్మ నవ్వుతూ. ‘‘మనం అలా చెప్పుకోకూడదు. మొహం వేలాడేసుకోకూడదు. తలకి నూనె రాసుకుని, మొహం శుభ్రంగా కడుక్కుని, నవ్వుతూ ఉండాలి. దేవుడొక్కడికే తెలియాలి.’’

మా వాళ్ల పద్ధతి అది. ఎదిగిన మనుషులకి చెప్పాల్సిన మంచి మాట. అమ్మ దాన్ని ఐదేళ్ల పిల్లకి చెప్పింది.

సోమవారం పొద్దున పాప తనే నూనె సీసా తెచ్చి నా ముందు కూర్చుంది. నూనె అంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల! రెండు జడలు వేశాను. సబ్బుతో మొహం కడుక్కుంది. నవ్వుతూ ఆటో ఎక్కింది. మధ్యాహ్నం బడినుంచి వచ్చాక బ్యాగు తీస్తే బాక్సు ఖాళీ. గరిటెడు పప్పన్నం పెడితే మెతుకు లేదు. మంగళవారం ఖాళీ. బుధవారమూ ఖాళీ. ఆ బాక్సు సింకులో వేయబుద్ధి కాక కాసేపు చేతిలోనే పట్టుకున్నాను.

ముగ్గురికీ చెప్పకుండా ఉండగలనా? అత్తగారికి ఫోన్ చేస్తే, ‘‘శివుడి దయ. ఆ రోజు దాని చేత దీపం పెట్టించాగా’’ అన్నారు. అమ్మ, ‘‘రోజూ ప్రార్థనలో పెడుతున్నాను. దేవుడు ఆలకించాడు’’ అంది. కిందకెళ్లి చెబితే దాదీ, ‘‘అయిదు పూటలా దువా చేస్తంటే తినక ఏం చేస్తదమ్మా’’ అన్నారు. ముగ్గురికీ పేరుపేరునా దణ్ణాలు పెట్టాను.

గురువారం పాపని తీసుకురావడానికి నేనే వెళ్తే, బడి గేటు దగ్గర ఒకావిడ నన్ను ఆపింది. మా పాప పక్కన కూర్చునే పిల్ల తల్లి.

‘‘మీ టమాటా పప్పు ఎలా చేస్తారండి? మా అమ్మాయి ఇంటికొచ్చి ఒకటే గోల, అదే కావాలని. రోజూ మీ బాక్సే తింటందంట కదా. మీ పాపే పెడతందంట. మంచిపిల్లండి, బంగారం!’’

పోపులో ఎల్లిపాయ దంచి వేస్తానని చెప్పాను. ఇంకేం చెప్పానో గుర్తులేదు. ఆటోలో పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మోకాలెముకలు తగిలాయి. ‘‘నువ్వు తినకుండా ఎందుకు పెట్టేశావే?’’ అని అడిగాను. మళ్లీ అడిగాను.

‘‘చెప్పకూడదు.’’

‘‘ఎవరు చెప్పకూడదన్నారు?’’

‘‘దేవుడొక్కడికే తెలియాలి’’ అని రెండు చేతులతో నోరు మూసుకుంది. నూనె రాసిన జడలు నిగనిగలాడుతున్నాయి. అప్పుడు అర్థమైంది నాకు.

ఆ రోజు సాయంత్రం అత్తగారు మా ఇంట్లోనే ఉన్నారు. కంటి డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చారు. దాదీ పలకరిద్దామని పిలిస్తే కిందకెళ్లి కూర్చున్నారు. నేను పాపని చంకనేసుకుని, ఫోన్‌లో అమ్మని స్పీకర్లో పెట్టి, తిన్నగా అక్కడికే దిగాను.

‘‘మీకు ముగ్గురికీ ఒకటే చెప్తున్నాను. దాని ముందు ఇంకెప్పుడూ ఒక్కపొద్దు మాట ఎత్తొద్దు. నాలుగు రోజుల్నించి బళ్లో మెతుకు ముట్టలేదు. కళ్లు తిరిగి పడిపోతే ఎవరు చూసేవాళ్లు?’’ ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది.

‘‘నేనేం చేశానే?’’ అన్నారు అత్తగారు. ‘‘పాలూ పండూ తినమనే చెప్పాగా. దాచిపెట్టుకోమని చెప్పింది మీ అమ్మగారు.’’

‘‘వదినగారూ, నేను చెప్పింది పెద్దవాళ్ల సంగతండీ’’ అంది అమ్మ ఫోన్లోంచి.

‘‘పసిపిల్లకి చెప్తే పెద్దవాళ్ల సంగతి ఎట్టా అవుద్దండీ వదినగారూ?’’

‘‘అసలు ఒక్కపొద్దని మొదలెట్టించిందెవరండీ? వీధంతా పిలిచి చెప్పిందెవరు?’’

‘‘ముక్కు మాదే అన్నప్పుడు భక్తీ మాదే అవుద్ది మరి!’’

దాదీ ఖర్జూరాల పళ్లెం సర్దుతూ, ‘‘మీరిద్దరూ కానివ్వండమ్మా. నేను రోజాలో ఉన్నా, నాకు కోపం పనికిరాదు’’ అన్నారు. నావైపు తిరిగి, ‘‘అమ్మాయ్, ఈ మూడు రోజులూ సాయంత్రం ఇక్కడ కడుపునిండా తింది. పకోడీల మీద పకోడీలు తింటంటే, మీ ఇంట్లో పకోడీలు వెయ్యరేమో అనుకున్నా. కూర్చో ముందు’’ అన్నారు.

కూర్చున్నాను. ఆవిడ పాపని దగ్గరికి లాక్కుని, ‘‘పిట్ట ఒక్కపొద్దు ఒక్కరోజు కదరా బంగారం. అది కూడా అమ్మనడిగి ఉండాలి. ఇన్ని రోజులు ఎందుకున్నావు?’’ అన్నారు.

పాప కాసేపు గుడ్డ అంచు లాగుతూ కూర్చుంది. తర్వాత నన్నడగకుండా ఆవిణ్ణే అడిగింది.

‘‘దాదీ, నువ్వు అల్లాకి ఉంటావు. నానమ్మ శివుడికుంటది. అమ్మమ్మ యేసుప్రభువుకుంటది. మా అమ్మ ఏ దేవుడికుంటది?’’

‘‘నేనెప్పుడున్నానే?’’ అన్నాను. నిజంగానే నేను ఏ ఉపవాసమూ ఉండను. చిన్నప్పటినుంచీ కడుపులో మంట, అమ్మ కూడా వద్దనేది.

‘‘రోజూ ఉంటావుగా’’ అంది పాప, నాకే తెలియదేమో అన్నట్టు. ‘‘పొద్దున తినవు. నాన్న తింటాడు, నాకు పెడతావు, నువ్వు తినవు. ఆదివారం మధ్యాహ్నం కూడా తినవు. నేనెప్పుడూ చూళ్లేదు.’’ దాదీ చెవి దగ్గరికి వంగి, అందరికీ వినపడేంత రహస్యంగా చెప్పింది. ‘‘మా అమ్మే అందరికంటే బాగా ఒక్కపొద్దుంటది. ఎవ్వరికీ చెప్పదు.’’

అత్తగారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వో ఏడుపో తెలియలేదు.

‘‘అది తినకుండా నాకు ముద్ద దిగదు’’ అన్నాను చివరికి.

‘‘అదేగా మరి’’ అన్నారు అత్తగారు. ‘‘ఎన్నిసార్లు చెప్పానే నీకు? తినమ్మా అంటే, ‘పాప తిన్నాక తింటానత్తయ్యా’ అంటావు. అది పడుకున్నాక గిన్నెలు తోముతా, దాని కంచంలో మిగిలింది నిలబడి నోట్లో వేసుకుంటావు. పిల్లేం చూసుద్ది? ఎదుటి మనిషి నోరు కదలడం చూస్తేనే గదా దానికీ ఆకలేసేది!’’

‘‘నీ చిన్నప్పుడు నేనూ అంతేనే’’ అంది అమ్మ ఫోన్లో నెమ్మదిగా. ‘‘నువ్వూ తినేదానివి కాదు.’’

అప్పుడు బాంగు వినపడింది. దాదీ ఒక ఖర్జూరం తీసి, పాపకి కాదు, నా చేతిలో పెట్టారు.

‘‘నాకు రోజా లేదు కదా ఆంటీ.’’

‘‘ఉందని నీ కూతురే సాక్ష్యం చెప్తందిగా. రోజా విప్పు ముందు.’’

నన్ను భుజాలు పట్టుకుని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు, పాప నా వెనక ఉండేలా. ‘‘ఇటు చూడకు. నీ కంచం నువ్వు చూసుకో’’ అన్నారు. ఖర్జూరం తిన్నాను, నీళ్లు తాగాను, గంజి తాగాను. పొద్దున్నించీ నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెనక ఏం జరుగుతోందో తెలియక మెడ లాగేస్తోంది. పాప ఎవరితోనో పుచ్చకాయ గింజ మింగితే కడుపులో తీగ మొలుస్తుందా అని అడుగుతోంది. అత్తగారు మొలుస్తుందన్నారు, దాదీ మొలవదన్నారు. నేను తిరిగి చూడలేదు. తిరిగి చూడకుండా ఉండటం ఎంత కష్టమో ఏ మతంవాళ్లూ ఎక్కడా చెప్పినట్టు లేదు.

ఆ రోజుతో అంతా మారిపోయిందని చెప్పను. మరుసటి రోజు నుంచి బడికి ముందు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్నాం. నావి నేను తింటాను, దానివి దానిష్టం. ఒకరోజు రెండు తింటుంది, ఒకరోజు అరముక్క తిని లేచిపోతుంది. బాక్సు సగం మిగులుతుంది, ఆ తిన్న సగం ఇప్పుడు నిజంగా అదే తిన్నది. డాక్టరుగారి దగ్గరికి ఇంకా వెళ్లలేదు. వెళ్లాలంటే భయం. ఇది రాస్తున్నప్పుడు కూడా, లోపల అది పడుకుని ఉంటే, ఒకసారి వెళ్లి దాని డొక్క తడిమి వచ్చాను.

గుడ్ ఫ్రైడేకి బాపట్ల వెళ్లాం. పన్నెండింటినుంచి మూడింటిదాకా చర్చిలో ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరూ లేచి మాట్లాడతారు. అది అయ్యేదాకా అమ్మ నీళ్లు కూడా తాగదు. బయల్దేరే ముందు తెల్లచీర కట్టుకుంటూ, ‘‘మీరిద్దరూ తినేసి రండి, నేను ముందు వెళ్తున్నా’’ అంది. తను పస్తుండగా ఇంట్లో నేను కంచం పెట్టుకోవాలంటే చిన్నతనంగా అనిపించింది. ‘‘వచ్చాక తింటాలేమ్మా, పాపకి పెడతాను’’ అన్నాను.

అమ్మ గుమ్మంలో ఆగింది. ఏదో అనబోయింది. ఈలోపు పాప వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలు తెచ్చి గచ్చు మీద పెట్టింది. ఒకటి నా ముందుకు తోసి, తన కంచం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

‘‘తినమ్మా’’ అంది. ‘‘నేను చూడట్లేదులే.’’